ఓటీపీ అడగని దారి

ఓటీపీ ఎవరికీ చెప్పకపోతే బ్యాంకులో డబ్బు భద్రమేనని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఏఈపీఎస్ అనే ఆధార్ చెల్లింపు విధానంలో ఓటీపీతో గానీ, పిన్‌తో గానీ, కార్డుతో గానీ పనిలేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఊళ్లో బ్యాంకు ప్రతినిధిగా ఉండే బ్యాంకు మిత్ర దగ్గరి చిన్న యంత్రంలోనే డబ్బు చేతికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మిన వరంగల్ రైతుకు డబ్బు పడేది ఆధార్‌తో ముడిపడ్డ ఖాతాలోనే. బ్యాంకు దాకా పోలేని ముసలివాళ్లకు ఈ విధానం నిజంగా మేలు చేసింది. చిక్కల్లా ఆ వేలిముద్రతోనే.

ఒకరి వేలిముద్ర మరొకరికి ఉండదు కాబట్టి మోసం జరగదన్నది పొరపాటు వాదన. ఎవరి ముద్ర వారిదే అయినా, అది రహస్యం కాదు. భూమి దస్తావేజుల మీద అది సిరాతో పడే ఉంటుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వాటిలోని ముద్రలకు నకళ్లు తయారుచేసి, అప్పట్లో ఆధార్ వేలిముద్రతో ఇచ్చే సిమ్‌లను వేలల్లో యాక్టివేట్ చేశాడు. సిమ్‌కు పనికొచ్చిన నకలు ఖాతాకూ పనికొస్తుంది. పిన్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. ముద్ర తీస్తున్నది ప్రాణమున్న వేలి నుంచేనా అని పసిగట్టే పద్ధతిని ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది. దాంతో నకలు వాడటం కష్టమైంది గానీ, దాని మీదే భారం వేసి కూర్చోవడం మంచిది కాదు.

ఖాతాదారు చేతిలో ఉన్న గట్టి రక్షణ బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ వెబ్‌సైటులో గానీ ఉచితంగా వేసుకోవచ్చు. ఆధార్‌కు జతచేసిన ఫోన్ నంబరు వాడుకలో ఉండాలి, ఎందుకంటే లాక్ వేయడానికి వచ్చే ఓటీపీ దానికే వస్తుంది. లాక్ పడ్డాక అసలు వేలు పెట్టినా యంత్రం ఒప్పుకోదు, ఇక నకలు మాట చెప్పక్కర్లేదు. రేషన్ షాపులోనో, పింఛను తీసుకునే చోటో ముద్ర వేయాల్సి వస్తే కాసేపు తెరవవచ్చు. ఆ కాసేపటి తర్వాత తనంతట తనే మళ్లీ మూసుకుంటుంది. అమ్మానాన్నలకు ఈ లాక్ వేసిపెట్టే బాధ్యత ఇంట్లో చదువుకున్న పిల్లలు తీసుకోవాలి.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సిన చోట, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. తమ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు చేతులు మారకముందే ఫిర్యాదు అందితే, అది చేరిన ఖాతాను స్తంభింపజేయవచ్చు. ఆపైన బ్యాంకుకు రాసిచ్చి రశీదు తీసుకోవాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాళ్ల వల్ల పోయిన డబ్బును, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే బ్యాంకే భరించాలి. తప్పు ఖాతాదారుదే అని బ్యాంకు అంటే, దాన్ని రుజువు చేయాల్సిందీ బ్యాంకే.