పాత లాప్‌టాప్‌లో రెండు సిస్టములు

2011లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత లాప్‌టాప్ మన హోసూరు, కృష్ణగిరి పిల్లలకూ వచ్చింది కదా. ఆన్ చేస్తే విండోసా, బాసా అని అడిగేది. బాస్ అంటే సీ-డాక్ వారి లినక్స్. హార్డ్‌డిస్కును భాగాలు చేసి, రెండింటినీ వేర్వేరుగా పెట్టడమే కిటుకు. ఒకే ఇంట్లో గోడ పెట్టి రెండు వంటిళ్లు చేసినట్లు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాగని దాన్ని తీసేయకండి. అనూ ఫాంట్లలో కొట్టిన మన తెలుగు అర్జీలు అందులో సరిగా కనిపిస్తాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవును తగ్గించి, ఓ 40 జీబీ లినక్స్‌కు వదలండి. ఇంటర్నెట్ పనులు అందులో చేసుకోవచ్చు.

ముందుగా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవుకు ఎక్కించాలి. మేము అది మరచి, 'మొత్తం డిస్కు చెరిపివేయి' అన్నది నొక్కాం. తెలుగు మాస్టర్ల పోస్టుల కోసం రాసిన అర్జీలన్నీ పోయాయి. బీరువాలో జెరాక్సులు ఉండబట్టి మళ్లీ టైపు చేసుకుంటున్నాం.