వసంతంలో పిట్టల వెంట: ఢిల్లీలో మొదలుపెట్టేవారికి కొన్ని లెక్కలు

4,273. భరత్‌పూర్‌లో కేవలాదేవ్ గుడి దగ్గరున్న రాతిపలకల మీద చెక్కిన లెక్కల్లో ఇదే పెద్దది. 1938 నవంబరు 12న వైస్రాయి లార్డ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో కూల్చిన పక్షుల సంఖ్య అది. ఆ గుడి చుట్టూ ఉన్న మడుగులు ఢిల్లీకి 180 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో పిట్టలను లెక్కపెట్టింది ఎక్కువగా ఇలాగే, చచ్చాక.

వసంతమంటే ఇప్పటికీ వేటే అయిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఏప్రిల్ వచ్చిందంటే టర్కీ కోళ్ల వేట కబుర్లు చెబుతుంటారు. అలాస్కా తప్ప మిగతా 49 రాష్ట్రాల్లోనూ ఆ వేటకు అనుమతి ఉంది. వసంతంలో దాదాపు అంతటా పుంజుల్నే కొట్టాలి. చాలాచోట్ల సూర్యోదయానికి అరగంట ముందు నుంచే తుపాకీ పేల్చవచ్చు. 1937 నాటి చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద వేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళుతుంది. అక్కడి పద్ధతి అది.

ఢిల్లీలో అలాంటి సీజన్ లేదు, రాదు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ వేటను నిషేధించింది. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికి మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. టర్కీ కోడికి ఇక్కడి చుట్టం నెమలి ఆ చట్టపు మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాని జోలికి వెళితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, పైగా 25 వేలకు తగ్గని జరిమానా.

చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే అనుకోకండి. వల వేయడం, తరమడం, ఎర వేయడం, గుడ్లు తీయడం, గూటిని చెదరగొట్టడం, ఇవన్నీ వేట కిందికే వస్తాయి. ప్రయత్నించినా వేటే. కెమెరా భుజాన వేసుకుని గూటి కొమ్మను వంచేవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

మరి వేటగాడికి కావలసిన తెల్లవారుజాము, కదలకుండా కూర్చునే ఓపిక, కూతను బట్టి పిట్టను పోల్చుకునే చెవి, వీటిని ఏం చేసుకోవాలి? 1950లోనే ఢిల్లీ దీనికి దారి చూపింది. గాంధీజీ మిత్రుడు హొరేస్ అలెగ్జాండర్ తదితరులు ఆ ఏడాది ఇక్కడ పక్షి వీక్షకుల సంఘం పెట్టారు. ఇందిరాగాంధీ కూడా అందులో సభ్యురాలే. ఆ పరిచయం ఊరికే పోలేదు. 1970లో పీటర్ జాక్సన్ అనే విలేకరి, గురుగ్రామ్ దగ్గరి సుల్తాన్‌పూర్ మడుగును కాపాడమని ప్రధానిగా ఉన్న ఆమెకు ఉత్తరం రాశారు. అదే తర్వాత అభయారణ్యమై, జాతీయ ఉద్యానమై, 2021లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. దాని విస్తీర్ణం 1.43 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 350 ఎకరాలు. మన వైపు ఒక మోస్తరు ఊరిచెరువు అంత. ఒక ఉత్తరంతో అంత నేల మిగిలిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటిసారి వెళ్లేవారికి నేనైతే ఓఖ్లానే చెబుతాను. అక్కడ యమున మీద కట్టిన బ్యారేజీ వెనక నిలిచిన నీరు, సుమారు 4 చదరపు కిలోమీటర్లు, 1990లో పక్షుల అభయారణ్యమైంది. మెట్రో మెజెంటా లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది, కారు అక్కర్లేదు. బైనాక్యులర్ 8×42 రకం తీసుకోండి. ఎనిమిది అంటే పిట్ట ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఇంతకంటే ఎక్కువ రెట్లు పెంచేవి కొంటే కొత్తవాళ్ల చేతిలో బొమ్మ వణుకుతుంది.

టైము ముఖ్యం. ఢిల్లీలో ఫిబ్రవరి మధ్యలో ఏడింటికి సూర్యోదయమైతే, మార్చి మూడో వారానికి ఆరున్నర లోపే, ఏప్రిల్ మధ్యకు ఆరింటికే. పగటి వేడి మార్చిలో 30 డిగ్రీల చుట్టూ ఉండి ఏప్రిల్‌లో 36 దాటుతుంది. చలికాలపు బాతులు మార్చిలోనే ఉత్తరానికి బయలుదేరతాయి. వాటిలో తలపై రెండు నల్ల చారలుండే పెద్దబాతు ఒకటుంది. హిమాలయాలు దాటేటప్పుడు అది 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

నీటి దాకా వెళ్లలేనివారికి ఊళ్లోనే బూరుగు చెట్లున్నాయి. మార్చిలో ఆకు లేని కొమ్మల నిండా ఎర్రపూలు, వాటిలో తేనె కోసం గోరింకలు, రామచిలుకలు. పక్కనే ఎండు కొమ్మ మీద కంసాలి పిట్టను వెతకండి. పిచ్చుకంతే ఉంటుంది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట కుంకుమ బొట్టు. ముక్కు మూసే ఉంటుంది, ‘టుక్’ అన్నప్పుడల్లా గొంతు ఉబ్బుతుంది, తల అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే కూత ఎటు నుంచి వస్తోందో ఒక పట్టాన తెలియదు. లోధీ గార్డెన్‌లో ఏప్రిల్ నుంచి బూడిదరంగు హార్న్‌బిల్ ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి ద్వారాన్ని తానే మూసేసుకుంటుంది. సన్నని చీలిక ఒక్కటే మిగులుతుంది. అందులోంచే మగపక్షి వారాల తరబడి పండ్లు అందిస్తుంది. దాన్ని మనం బెదరగొడితే లోపలున్న తల్లీపిల్లల తిండి ఆగిపోతుంది.

టర్కీ కోళ్ల వేటగాడు పెట్టలా కూసి పుంజును రప్పిస్తాడు. ఇక్కడ కొందరు ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపించి అదే పని చేస్తున్నారు. వసంతం గూళ్లు కట్టే కాలం. తన చోటుకు పోటీదారు వచ్చాడనుకుని మగపిట్ట గూడు వదిలి, ఉన్న బలమంతా ఖర్చుపెట్టి తిరుగుతుంది. ఒక్క ఫొటో కోసం ఇది చేయకూడదు.

చూసినవాటిని ఈబర్డ్ యాప్‌లో రాయండి, ఉచితం. ఫిబ్రవరి నడిమిలో ప్రపంచమంతా నాలుగు రోజులు చేసే పక్షుల గణనలో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. దానికి కనీసం 15 నిమిషాలు చూస్తే చాలు, బాల్కనీ నుంచైనా సరే. వచ్చే ఆదివారం సూర్యోదయానికి ముందే ఇంట్లోంచి బయటపడండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, గూళ్లకు దూరంగా నిలబడండి.