పుదుచ్చేరిలో సర్వమత సాధన
1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరిన శ్రీ అరవిందులను మరుసటి సంవత్సరమే బౌద్ధ సాధకురాలు అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ సందర్శించారు. 1908లో తమకు కలిగిన అనుభవాన్ని నిర్వాణంగా పేర్కొన్న అరవిందులు, దానిని సాధనకు అంతిమ గమ్యంగా అంగీకరించలేదు. బౌద్ధంతో ఆయనకు గల ఈ భేదం గమనార్హం.

1926 నవంబరు 24న ఏర్పడిన ఆశ్రమం శ్రీమాత నిర్వహణలో క్రమంగా విస్తరించింది. యుద్ధకాలంలో ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల పిల్లలకై 1943లో పాఠశాల వెలసింది. 1968 ఫిబ్రవరి 28న పట్టణ సమీపాన ఆరోవిల్ ప్రారంభమైనప్పుడు 124 దేశాల మట్టిని ఒకే కలశంలో చేర్చారు. అక్కడి మాతృమందిరంలో విగ్రహం లేదు, పూజ లేదు. మౌన ఏకాగ్రతయే సాధన.

సర్వమత సమాదరణ అనగా సిద్ధాంత భేదాలను మరుగుపరచుట కాదు. భేదము నెరిగియే ఒకేచోట మౌనంగా కూర్చొనగలుగుట.