కామెంటుకు అడంగల్ ఉంది, 1-బి ఏదీ?

యూట్యూబ్‌లో ఏదో పాత పాట కింద ఎప్పుడో రాసిన నాలుగు మాటలు మళ్లీ చూసుకోవాలంటే ముందుగా ఆ పాట గుర్తుండాలి. గుర్తున్నా, అదే పాటను నాలుగైదు చానళ్లు ఎక్కించి ఉంటాయి కాబట్టి ఏ వీడియో కిందో తేల్చుకోవాలి. అది తేలాక వేల కామెంట్ల మధ్య మనది వెతుక్కోవాలి. కోట్ల వీడియోల్లోంచి కావలసినదాన్ని క్షణంలో ముందు పెట్టగల సంస్థ, మన మాట మనకు చూపించాల్సి వచ్చేసరికి ఇంత తడబడటం వింతగా ఉంటుంది. దీన్ని సాంకేతిక లోపమని సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. నిజానికి లోపం సాంకేతికతలో లేదు, పుట్టుకలో ఉంది. కామెంటు పెట్టెను వీడియో కోసం కట్టారు, రాసేవాడి కోసం కట్టలేదు. తరవాత ఇరవై ఏళ్లలో దానికి చేసిన మరమ్మతులన్నీ దాదాపు అదే దారిలో సాగాయి. ఆ యంత్రం జీవితం తిరగేస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

పేపాల్‌లో పనిచేసి బయటికొచ్చిన ముగ్గురు, చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీం, 2005 ఫిబ్రవరి 14న యూట్యూబ్ పేరు నమోదు చేశారు. ఏప్రిల్ 23న తొలి వీడియో ఎక్కింది. శాన్ డియాగో జూలో ఏనుగుల ముందు నిలబడి కరీం మాట్లాడే 19 సెకన్ల ముక్క అది. 2006 అక్టోబరులో గూగుల్ 165 కోట్ల డాలర్ల విలువైన వాటాలిచ్చి సంస్థను కొనేసింది. తొలి ఏళ్లలో కామెంటుకు 500 అక్షరాల హద్దు ఉండేది. చూసినవాడు ఒక మాట అనేసి పక్క వీడియోకు పోవాలి, ఆ మాట చూసి ఇంకొకడు ఆగాలి. పెట్టె పని అంతవరకే. ఆ రోజుల్లో యూట్యూబ్ కామెంటంటే తెలివితక్కువతనానికి మారుపేరు. 2008లో రాండల్ మన్రో తన ‘ఎక్స్‌కేసీడీ’ కార్టూన్లలో ఒకదానిలో, పంపేముందు కామెంటును రాసినవాడికే పైకి చదివి వినిపిస్తే సిగ్గుపడి మానేస్తాడని వెక్కిరించాడు. కొన్ని వారాలకే యూట్యూబ్ నిజంగానే వినిపించే మీట పెట్టింది! హాస్యం సంగతి పక్కన పెడితే, ఆ మీట పంపేముందే పలికేది. పంపాక రాసినవాడికీ ఆ మాటకూ సంబంధం తెగిపోయినట్టే. 2020 డిసెంబరులో వచ్చిన ‘ఇది ఎదుటివారిని నొప్పిస్తుందేమో, మరోసారి చూసుకోండి’ తరహా హెచ్చరిక కూడా పంపే క్షణానిదే.

ఇక్కడ కాస్త యంత్రం లోపలికి పోవాలి. ఎంత పెద్ద సమాచార నిల్వ అయినా ఏదో ఒక వరుసలో పేర్చాల్సిందే. ఆ వరుసను బట్టి ఏ ప్రశ్నకు జవాబు చవకగా వస్తుందో, దేనికి ఖరీదవుతుందో తేలిపోతుంది. మన పల్లెల్లో భూమి లెక్కలు చూడండి. అడంగల్ సర్వే నంబరు వారీగా ఉంటుంది: ఈ చెక్కలో ఎవరున్నారు, ఏ పంట వేశారు. 1-బి ఖాతాదారు వారీగా ఉంటుంది: ఈ మనిషికి ఎక్కడెక్కడ ఎంత భూమి ఉంది. భూమి ఒకటే, లెక్కలు రెండు. అడంగల్ ఒక్కటే చేతికిచ్చి ‘నా పొలాలన్నీ చూపించు’ అంటే ఊరి సర్వే నంబర్లన్నీ తిరగేయాల్సిందే. కామెంట్ల విషయంలో బయటి ప్రపంచానికి యూట్యూబ్ ఇచ్చింది అడంగలే. ప్రోగ్రామర్ల కోసం ఆ సంస్థ తెరిచి ఉంచిన దారిలో, అంటే డేటా ఏపీఐ మూడో కూర్పులో, వీడియో గుర్తు ఇస్తే దాని కింద కామెంట్లు వస్తాయి, చానల్ గుర్తు ఇస్తే ఆ చానల్‌కు చెందినవి వస్తాయి, ఫలానా పదమున్నవి ఏరుకోవచ్చు కూడా. రాసినవాడి గుర్తు ఇచ్చి అతని కామెంట్లు అడిగే వీలు మాత్రం అందులో లేదు.

పెరిగిపోయిన సమాచారాన్ని ముక్కలుగా కోసి అనేక కంప్యూటర్లకు పంచాల్సి వచ్చినప్పుడు ఈ ఎంపిక మరింత గట్టిపడుతుంది. సమాచారాన్ని దాచే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ ఒక్కటీ బరువు మోయలేకపోతున్న రోజుల్లో, 2010లో, యూట్యూబ్ ఇంజనీర్లు ‘విటెస్’ అనే వ్యవస్థను రాసుకున్నారు. నిల్వను దేని వారీగా కోయాలో ముందే నిర్ణయించుకోవడం అలాంటి వ్యవస్థల్లో కీలకం. కోత వెంబడి అడిగే ప్రశ్న ఒక్క కంప్యూటరుతో తేలుతుంది; కోతకు అడ్డంగా అడిగేది అన్నిటినీ లేపుతుంది. అయితే రెండో వరుస కట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. కాస్త చోటు, కాస్త శ్రమ ఖర్చవుతాయి. ఆ ఖర్చు ఎవరి ప్రశ్న కోసం పెట్టారన్నదే అసలు సంగతి.

2013 నవంబరులో రాసేవాడి మీద సంస్థకు ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. కామెంటు రాయాలంటే గూగుల్ ప్లస్ ఖాతా ఉండి తీరాలన్నారు. అసలు పేర్లు బయటపడితే భాష మెరుగవుతుందన్నది పైకి చెప్పిన ఆశ. ఫేస్‌బుక్‌తో పోటీకి తెచ్చిన గూగుల్ ప్లస్‌లోకి జనాన్ని తోలడం అందరికీ కనిపించిన లాభం. జావెద్ కరీం ఎనిమిదేళ్ల మౌనం వీడి, ఒక వీడియోకు కామెంటు పెట్టడానికి ఇంకో ఖాతా ఎందుకని తన చానల్‌లోనే ఘాటుగా నిలదీశాడు. పద్ధతి మార్చమన్న విజ్ఞప్తికి రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2015 జులైలో గూగుల్ వెనక్కి తగ్గుతున్నట్టు ప్రకటించింది. 2019 ఏప్రిల్ 2న సామాన్యులకు గూగుల్ ప్లస్సే మూతపడింది. ఈ గొడవంతటిలో రాసినవాడి పేరు సంస్థకు పనికొచ్చింది, అతని లెక్క అతనికి చేతికందే పని మాత్రం వెనకబడింది. తరవాతి మార్పులూ ఈ బాపతువే. 2016 నవంబరులో చానల్ యజమాని నచ్చిన కామెంటుకు ఎర్ర గుండె తగిలించే సౌకర్యం, పైన గుచ్చి ఉంచే సౌకర్యం వచ్చాయి. ఆ గుండె పడ్డాక అచ్చుతప్పు దిద్దుకుంటే గుండె ఊడిపోతుంది. పిల్లల వీడియోల కింద వికృతమైన రాతలు బయటపడి ప్రకటనదారులు తప్పుకోవడంతో 2019 ఫిబ్రవరిలో అలాంటి వీడియోలకు కామెంట్లే కట్టేశారు. అది చేయాల్సిన పనే. కానీ వేగం చూడండి: ప్రకటనదారుడు అడిగితే రోజుల్లో జరిగింది.

మరి రాసినవాడికి అసలేమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. గూగుల్ ఖాతాలో ‘మై యాక్టివిటీ’ అనే పేజీ ఉంది. యూట్యూబ్ హిస్టరీలో ‘కామెంట్స్’ నొక్కితే అక్కడికే తీసుకెళ్తుంది. కొత్తవి పైన, పాతవి కింద, కామెంటూ వీడియో పేరూ కనిపిస్తాయి. వీడియో పేరు నొక్కి వెళ్లి దిద్దుకోవచ్చు, పక్కనున్న గుర్తు నొక్కి తీసేయవచ్చు. పదిహేను కామెంట్లు రాసినవాడికి ఇది చాలు. పదిహేనేళ్లుగా రాస్తున్నవాడికి వేలు నొప్పి పుట్టేదాకా జరపడమే మిగులుతుంది. బ్రౌజర్లో పదం వెతికితే అప్పటిదాకా తెరుచుకున్న భాగంలోనే వెతుకుతుంది. ఒక మనిషికి రెండు చానళ్లుంటే రెండిటికీ వేర్వేరు జాబితాలు. తీసేయడం ఒక్కొక్కటిగానే సాగుతుంది. అన్నీ ఒకేసారి పోవాలంటే చానల్‌నే రద్దు చేసుకోవాలి. కత్తెర, గొడ్డలి, రెండే పనిముట్లు.

రెండో దారి ‘టేక్‌అవుట్’. ఎవరి సమాచారం వాళ్లు దించుకునేందుకు గూగుల్ 2011లో మొదలుపెట్టిన సేవ ఇది. యూట్యూబ్ తప్ప మిగతా టిక్కులన్నీ తీసేసి, అందులోనూ కామెంట్లు మాత్రమే ఉంచితే చిన్న పట్టిక ఫైలు వస్తుంది. దాన్ని తెరిచి చూస్తే యంత్రం స్వభావం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ప్రతి వరుసలో కామెంటు గుర్తు, సమయం, వీడియో గుర్తు, రాసిన మాటలు ఉంటాయి. వీడియో పేరు ఉండదు, పదకొండు అక్షరాల గుర్తే. సమయం గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది, కాబట్టి మనం రాత్రి 1 గంటకు రాసింది ముందురోజు రాత్రి 7:30 కింద పడుతుంది. ఒక విశేషం గమనించాలి. సైటు మీద అందరికీ ‘3 సంవత్సరాల క్రితం’ అని మాత్రమే చూపించే యంత్రం, లోపల సెకనుతో సహా దాచుకుంది.

తెలుగువాళ్లకు ఈ ఫైలులోనూ ఇంకో చిక్కుంది. మన కామెంట్లలో ఎన్నో ఇంగ్లిష్ అక్షరాలతో రాసినవే. ‘చాలా బాగుంది’ అన్న మాటనే ఒకరోజు ఒక ‘ఎ’తో, ఇంకోరోజు రెండు ‘ఎ’లతో, ‘డి’ పక్కన ‘హెచ్’ పెట్టీ పెట్టకా రాస్తాం. యంత్రానికి అవన్నీ వేరువేరు పదాలు. తెలుగు లిపిలో రాస్తే తప్పిందనుకోవద్దు. ‘యూట్యూబ్‌లో’ అన్నప్పుడు ‘బ్’ పొల్లు విడిగా నిలవాలంటే దాని పక్కన కంటికి కనిపించని గుర్తొకటి పడాలి. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. వేయకపోతే ‘యూట్యూబ్లో’ అని ఒత్తు పడుతుంది. చదివే మనిషికి రెండూ ఒకటే, అక్షరానికి అక్షరం పోల్చే వెతుకులాటకు కావు. అందుకని పాత తెలుగు కామెంటు వెతికేటప్పుడు మొత్తం పదం కాకుండా మధ్యలోని రెండు మూడు అక్షరాలు ఇవ్వడం మేలు.

ఇంత రాద్ధాంతం అవసరమా, కామెంటంటే గాలికి పోయే మాటే కదా అని ఎవరైనా అనవచ్చు. గాలికి పోతే ఏ బాధా లేదు, పోవడం లేదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు దాన్ని రాసిన అమ్మాయినే కాక, లైక్ కొట్టిన స్నేహితురాలిని కూడా అరెస్టు చేశారు. ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేయడానికి దారితీసిన సంఘటనల్లో అదొకటి. చిన్న మాటకూ బరువుంటుందని పోలీసులకు తెలుసు, ఉద్యోగమిచ్చే ముందు ఆరా తీసేవాళ్లకూ తెలుసు. దాని బరువు మోయాల్సినవాడికే అదెక్కడుందో తెలియకపోవడం అన్యాయం.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. మనిషి వారీ లెక్క కడితే వెంటపడేవాళ్లకు వరమిచ్చినట్టు కాదా? ఇది ఊహ కాదు, జరిగిన చరిత్రే. యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చావేదికలోని మాటలను 1995 నుంచి నిల్వచేసిన డెజాన్యూస్ అనే సైటు, ఫలానా మనిషి ఎక్కడెక్కడ ఏమేం రాశాడో చూపించేది. నాలుగు గోడల మధ్య కబుర్లనుకున్నవాళ్లు హడలిపోయారు. తమ రాతలు దాచవద్దని చెప్పే ప్రత్యేక గుర్తును సందేశం నెత్తిన తగిలించడం మొదలైంది. 2001లో గూగుల్ ఆ నిల్వను కొంది కాబట్టి ఈ పాఠం సంస్థకు కొత్త కాదు. ఏపీఐలో రచయిత వారీ దారి లేకపోవడాన్ని ఈ కోణంలో నేను మెచ్చుకుంటాను. కాకపోతే అభ్యంతరం లెక్క కట్టడానికి కాదు, దాన్ని ఎవరి చేతికిస్తారన్నదానికి వర్తిస్తుంది. ఖాతాదారు లాగిన్ అయితేనే తెరుచుకునే జాబితాలో వెతికే పెట్టె, ఏడాదుల వారీ వడపోత, పది టిక్కులు పెట్టి ఒకేసారి తీసే మీట ఉంటే పరాయివాడికి చిక్కేదేమీ లేదు. పైగా కామెంటు పక్కన బొమ్మ నొక్కితే ఆ మనిషి ఆ చానల్‌లో ఈమధ్య రాసినవి చూపించే కార్డును యూట్యూబే పెట్టింది. ఒక చానల్ హద్దులోనే కావచ్చు, మనిషి వారీ వరుస కట్టగలమని సంస్థే ఒప్పుకున్నట్టయింది.

తీసేయడం సులువు చేస్తే సంభాషణలకు చిల్లులు పడతాయన్న మాటలో నిజముంది. మొదటి కామెంటు పోతే దాని కింద ఇతరులు రాసిన జవాబులూ పోతాయి. వాళ్ల శ్రమ మన మీట కింద నలుగుతుంది. మాట మాత్రం తీసి, జవాబులు ఉంచే పద్ధతి రావాలి. అది రాకపోయినా తీసుకునే హక్కును కాదనలేం. వీడియో యజమాని ఒక్క నొక్కుతో వీడియోతో పాటు వేల మంది రాతలను మాయం చేస్తున్నప్పుడు ఎవరూ చిల్లుల గురించి మాట్లాడరు.

చట్టం ఆదుకుంటుందా? యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్, తన సమాచారాన్ని యంత్రం చదవగల రూపంలో తీసుకెళ్లే హక్కునూ చెరిపించుకునే హక్కునూ మనిషికి ఇచ్చింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 12వ సెక్షన్ దిద్దించుకునే, చెరిపించుకునే హక్కు ఇస్తుంది. కానీ మూడో సెక్షన్ ఒక మెలిక పెట్టింది: మనిషి తానే బహిరంగపరిచిన వ్యక్తిగత సమాచారానికి ఈ చట్టం వర్తించదు. బహిరంగ కామెంటులో మన గురించి మనం రాసుకున్నది సరిగ్గా ఆ గీతకు అవతల పడుతుంది. కాబట్టి ప్రస్తుతానికి చట్టాన్ని నమ్ముకుని కూర్చోవడం దండగ.

ఏదైనా తీసేయాలనుకుంటే ముందు టేక్‌అవుట్ ఫైలు దించి దాచుకోండి. వీడియో పోయినా మీ మాటల నకలు మీ దగ్గరుంటుంది. ఆ తరవాతే కత్తెర పట్టండి. యూట్యూబ్‌లో ‘ఫీడ్‌బ్యాక్ పంపండి’ అనే మీట ఉంది. మన కామెంట్లలో వెతుక్కునే పెట్టె కావాలని తెలుగులోనే రాసి పంపండి.