షుగరు అంకె ఒక్కటే చాలదు

"సిస్టరుగారూ, పరగడుపు షుగరు 130 దాటలేదు. మరి మా నాన్నగారి కాలి పుండు ఎందుకు మానడం లేదు?" రోగుల బంధువులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. పరగడుపు షుగరు ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది. ఏళ్ల తరబడి రక్తనాళాలకు జరిగిన నష్టాన్ని అది చెప్పదు.

రక్తనాళాల లోపల పలుచని పొర ఒకటి ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా సాఫీగా పారడానికి అది అవసరం. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే ఈ పొర దెబ్బతింటుంది. రక్తపోటు, చెడు కొవ్వు, పొగాకు తోడైతే నష్టం త్వరపడుతుంది. సన్న నాళాలు చెడితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు పాడవుతాయి. పెద్ద నాళాలు పూడితే గుండెకు, మెదడుకు, కాళ్లకు ముప్పు. మొదట్లో నొప్పి ఉండదు కనుక పరీక్షలే దిక్కు.

1. హెచ్‌బిఎ1సి: గత 2-3 నెలల సగటు షుగరును తెలిపే రక్తపరీక్ష. చాలామందికి 7 శాతం లోపు ఉండడం మంచిది. వృద్ధులకు డాక్టరుగారు కొంత సడలింపు ఇవ్వవచ్చు. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించినా ఈ అంకె సరిగా రాకపోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి.

2. కొవ్వుల పరీక్ష: ఎల్.డి.ఎల్. అనే చెడు కొవ్వు 100 లోపు ఉండాలి. గుండెజబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి.

3. క్రియాటినిన్: మూత్రపిండాల పనితీరును తెలుపుతుంది. అయితే వాటి పని సగం తగ్గేవరకు ఇది మామూలుగానే కనిపించవచ్చు. అందుకే దీనితోపాటు కింది పరీక్ష తప్పనిసరి.

4. మూత్రంలో ఆల్బుమిన్: ఆల్బుమిన్ రక్తంలో ఉండవలసిన మాంసకృత్తు. సన్న నాళాలు దెబ్బతింటే అది మూత్రంలోకి జారుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదే. దాటితే వెంటనే భయపడకండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కనుక మళ్లీ చేయించాలి. మళ్లీ ఎక్కువగానే వస్తే అది హెచ్చరిక. ఈ దశలో చికిత్స మొదలుపెడితే నష్టం నెమ్మదిస్తుంది, కొందరిలో తగ్గుతుంది కూడా. ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించండి.

5. సి.ఆర్.పి.: రక్తనాళాల్లో వాపు ఉంటే ఇది పెరగవచ్చు. కానీ పుండు, జ్వరం, చిగుళ్ల జబ్బు ఉన్నా పెరుగుతుంది. అందరికీ అవసరం లేదు. డాక్టరుగారు రాస్తేనే చేయించండి.

ఇంటివారు చేయవలసినవి:

- రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టి, వచ్చినప్పుడల్లా తీసుకురండి. ఒక్క అంకెకన్నా అది పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది ముఖ్యం.
- అంకె బాగుందని మాత్రలు ఆపకండి. మాత్రల వల్లనే అది బాగుండి ఉండవచ్చు.
- రక్తపోటు చూపించండి. ఏడాదికొకసారి కంటి నరాల పరీక్ష చేయించండి.
- రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూడండి. స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.
- చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ మాన్పించండి.

రోగి తనంతట తాను గమనించలేని మార్పును ప్రేమగల ఇంటివారు గమనించగలరు. దేవుడు మీ కుటుంబానికి ఆరోగ్యాన్ని, ఓర్పును అనుగ్రహించును గాక.