ఉక్తానుక్తదురుక్తములు: పైథాన్ భాషాలక్షణగ్రంథ సంరక్షణము

లక్ష్యము ముందు, లక్షణము తరువాత ననుట వైయాకరణసమయము. శిష్టవ్యవహారమును జూచి సూత్రకారుఁడు సూత్రించునే కాని, సూత్రమును జూచి శిష్టులు పలుకరు. కంప్యూటరునకుఁ బనులు చెప్పుటకై మానవులు కల్పించిన ప్రోగ్రామింగు భాషలయం దీక్రమము కొంత తలక్రిందగును. అట్టి భాషకుఁ గర్త యెవ్వఁడో తెలియును. పుట్టిన యేఁడును దెలియును. దానిని నేర్వఁగోరువారు వృద్ధవ్యవహారమువలన నేర్వరు. డాక్యుమెంటేషనను పేరఁ బరఁగు లక్షణగ్రంథమును జదివి నేర్తురు. ఆభాష నడుమ నడుమ మాఱుచుండును. భాష మాఱి గ్రంథము మాఱకున్నచో గ్రంథమును నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు చెడును. కావున గ్రంథమును రచించుటకంటె దానిని సంరక్షించుటయే కష్టతరము. ఈవిషయ మిట పైథాన్ భాష నుదాహరణముగాఁ గొని వివరింపఁబడుచున్నది.

పైథాను భాషను నెదర్లాండ్సు దేశీయుఁడగు గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో నారంభించి 1991 ఫిబ్రవరిలోఁ బ్రకటించెను. ఆభాషావాక్యములఁ జదివి నడపు సాధనమునకు ఇంటర్‌ప్రిటరని పేరు. లక్షణగ్రంథ మొక్కటి గాదు. క్రొత్తవారికిఁ గ్రమముగా నేర్పు పాఠగ్రంథ మొకటి. భాషానియమములను సంగ్రహముగాఁ జెప్పునది యొకటి. భాషతోఁ గూడ వచ్చు నుపకరణములను వివరించునది వేఱొకటి. ఒక్కొక్క కూర్పునందలి క్రొత్త విశేషములఁ దెలుపునది మఱియొకటి. ఇవి మొదట లేటెక్ అను ముద్రణపద్ధతిని వ్రాయఁబడియుండెను. 2007లో సులభతరమగు లేఖనపద్ధతికి మార్పఁబడెను. అందులకై జార్జ్ బ్రాండల్ నిర్మించిన స్ఫింక్స్ అను సాధనము 2008లోఁ బ్రకటింపఁబడెను. వ్రాఁత సులభ మగుటచే సవరణలు చేయువారికి దారి తెఱవఁబడెను.

ఉక్తము, అనుక్తము, దురుక్తము నను మూఁటిని విచారించునది వార్తికమని మన పెద్దలు నిర్వచించిరి. పైథాను గ్రంథసంరక్షకుల కృత్యమును నీమూఁటియందే యిమిడియున్నది.

మొదటిది యుక్తము. ఒకప్పుడు చెప్పినది నేఁటికిని జెల్లునా యనునదే యిట విచారము. 7ను 2చే భాగింపుమని యేకరేఖాచిహ్నముతో వ్రాసినచోఁ బైథాను రెండవ కూర్పు 3 అని ఫలము నిచ్చుచుండెను, శేషము పోవుచుండెను. 2008 డిసెంబరున వెలువడిన మూఁడవ కూర్పున నావాక్యమే 3.5 నిచ్చును. శేషమును విడుచు భాగహారమునకు రెండు రేఖల చిహ్నము 2001లోనే యేర్పడియుండెను. వాక్యము నిషిద్ధమైనచో ఇంటర్‌ప్రిటరు దోషము చూపి నిలిపివేయును. వాక్యము నిలిచి యర్థము మాఱినచో హెచ్చరించువారు లేరు. లెక్క మాత్రము తప్పును. కావుననే యేకూర్పున నేనియమము చేరినదో, యేకూర్పున మాఱినదో, యేది విడువఁదగినదో గ్రంథమున నాయా నియమముకడనే సంఖ్యతో గుఱుతింపఁబడును. తొలఁగింపఁదలఁచినదానిని ముందుగాఁ జాటుట యాచారము. డిస్ట్‌యుటిల్స్ అను నుపకరణము 2021లో 3.10 కూర్పున విడువఁదగినదని చాటఁబడి, 2023లో 3.12 కూర్పునఁ దొలఁగింపఁబడెను.

రెండవది యనుక్తము. ఇదియే మిక్కిలి సూక్ష్మము. పైథానున డిక్ట్ అను పదార్థమొకటి గలదు. నిఘంటువునఁ బదమునకు నర్థమువలె నిందు ప్రతి పేరునకు నొక విలువ ముడివడియుండును. ఇందుఁ జేర్చిన పేర్లు మరల నేవరుస వెలువడునో పూర్వగ్రంథము నియమింపలేదు. వరుసను నమ్మరాదనియే చెప్పుచుండెను. ఐనను గంటికిఁ గనఁబడిన వరుసనే నమ్మి వ్రాసినవా రుండిరి. 2012నాఁటి 3.3 కూర్పున భద్రతకై చేసిన మార్పువలన నక్షరాత్మకములగు పేర్ల వరుస ప్రోగ్రాము నడచిన ప్రతిసారియు మాఱఁజొచ్చెను. కంటిని నమ్మినవారి ప్రోగ్రాములు చెడెను. గ్రంథమును నమ్మినవారివి నిలిచెను. 2016 డిసెంబరునాఁటి 3.6 కూర్పున డిక్ట్ తక్కువ చోట నిముడునట్లు పునర్నిర్మింపఁబడెను. దానితోఁ జేర్చిన వరుసయే నిలుచుటయు సిద్ధించెను. అప్పటికిని గ్రంథము, ఇది నిర్మాణవిశేషమే కాని నియమము గాదని హెచ్చరించెను. 2018 జూనునాఁటి 3.7 కూర్పున నావరుసయే భాషానియమమని గ్రంథమున నెక్కెను. ఈవిషయమున 3.6కును 3.7కును ఇంటర్‌ప్రిటరు ప్రవృత్తిలో భేదము లేదు. భేదమంతయు గ్రంథమందలి యొకవాక్యమున నున్నది. ఆవాక్యము వ్రాయఁబడినతోడనే, పైథానుకు వేఱుగా ఇంటర్‌ప్రిటరులను నిర్మించువారును దానికి బద్ధులైరి. కావున గ్రంథమున నొకమాట చేర్చుట లేఖకుని పని మాత్రము గాదు, శాసనము.

మూఁడవది దురుక్తము. గ్రంథమునకును ఇంటర్‌ప్రిటరునకును వైరుధ్యము కనఁబడినపుడు దోషము దేనియందున్నదో నిర్ణయించుట మొదటి పని. లక్షణము మంచిదైనచో ఇంటర్‌ప్రిటరును దిద్దవలెను. అది తప్పైనచో గ్రంథమును దిద్దవలెను. ఉదాహరణదోషములను బట్టుటకు డాక్‌టెస్ట్ అను సాధనము గలదు. టిమ్ పీటర్సు రచించిన యిది 2001నాఁటి 2.1 కూర్పునఁ జేరెను. గ్రంథమందలి యుదాహరణములను నడపి, వచ్చిన ఫలమును వ్రాసిన ఫలముతోఁ బోల్చి, భేదమున్నచో నిది చూపును. కాని యుదాహరణము సరియై వివరణము తప్పైనచో నీసాధనమున కది తెలియదు. దానిని మనుష్యుఁడే చదివి పట్టవలెను.

మన వ్యాకరణసంప్రదాయమునకును దీనికిని నొకభేదము గలదు. కాత్యాయనుఁడు పాణినిసూత్రములఁ జెఱుపక వార్తికములను వేఱుగాఁ జెప్పెను. పతంజలి రెండింటిని విచారించెను. మువ్వురిలో నుత్తరోత్తరునిదే ప్రామాణ్యమని వ్యవస్థ యేర్పడెను. తెలుఁగునను జిన్నయసూరి బాలవ్యాకరణమును దిద్దక, బహుజనపల్లి సీతారామాచార్యులు త్రిలింగలక్షణశేషమును వేఱుగా రచించెను. పైథానువారు మూలమునే దిద్దుదురు. ప్రాఁతకూర్పుల గ్రంథములను మాత్రము విడిగా నుంతురు. రెండవ కూర్పు పోషణము 2020 జనవరి 1తో ముగిసినను దాని గ్రంథమును నేఁటికిని జదువవచ్చును. ఇందువలనఁ జదువరికి మూఁడు గ్రంథముల సమన్వయశ్రమ తప్పును. కాని దిద్దిన మూలమున శంకాసమాధానములు కనఁబడవు. ఆలోపమును దీర్చుటకే 2000 సంవత్సరమునుండి ప్రధానమగు మార్పుల హేతువులు, నిరాకరింపఁబడిన పక్షములు, పెప్ అను ప్రస్తావపత్రములయందు వేఱుగా భద్రపఱుపఁబడుచున్నవి. అవి యీభాషకు భాష్యస్థానీయములు.

అనువాదమునకు నీన్యాయమే వర్తించును. 2017లో నేర్పడిన పద్ధతిని బట్టి జపాను, ఫ్రెంచి, కొరియా భాషలయందు నీగ్రంథము వెలసినది. మూలవాక్యము మాఱినపుడు దాని యనువాదమును మరలఁ జూడవలెను. తెలుఁగున నిట్టి పనికిఁ బూనువారు మొదట నెఱుఁగవలసిన దిది: అనువాదము ముగియుటతో భారము తీఱదు. భాష జీవించునంతకాలము గ్రంథము కాపువానిని గోరుచునే యుండును.