జనసముద్రం మీద ఒక ఖాళీ కుర్చీ

మయామి రేవు నుంచి 2024 జనవరిలో తొలి ప్రయాణానికి బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ విహారనౌకలో 20 అంతస్తులు, ఏడు ఈతకొలనులు, ఆరు నీటి జారుడుబల్లలు. నిండితే 7,600 మంది ప్రయాణికులు. వాళ్లను చూసుకోవడానికి మరో 2,350 మంది సిబ్బంది. ఇంతమందిలో కాసేపు ఒంటరిగా కూర్చోవాలంటే ఎక్కడికెళ్లాలి?

అమెరికాలో ఉన్న పిల్లలు క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్నల్ని బహమాస్‌కో, కరీబియన్ దీవులకో ఓడెక్కించడం ఇప్పుడు మామూలే. మనవలు ఐస్‌క్రీమ్ మిషన్ దగ్గర, కూతురు, అల్లుడు కొలనులో, తాతగారు స్పీకర్ పక్కన.

“ఎలా ఉంది నాన్నా?”

“బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆ పాట కాస్త తగ్గించమంటావా?”

పాట తగ్గదు. మనమే తప్పుకోవాలి. ఏ గంటకు ఎక్కడేం జరుగుతుందో చెప్పే పట్టిక రోజూ వస్తుంది, కాగితం మీదో, ఫోన్‌లోనో. దాన్ని పంచాంగంలా చూడండి. పదకొండింటికి కొలను దగ్గర పోటీలంటే మనకది దుర్ముహూర్తం. జనమంతా అటు చేరాక లైబ్రరీ, నడక డెక్కు మనవే.

తెల్లవారుజామున ఆ డెక్కు మీద ఉండేది సిబ్బందే. పైపులతో నేల కడుగుతుంటారు, రెయిలింగు మీద పేరుకున్న ఉప్పు తుడుస్తుంటారు. చేతిలో కాఫీ కప్పుతో ఓ వార నిలబడితే ఎవరూ పలకరించరు.

కొజుమెల్ రేవులోనో నసావ్ రేవులోనో ఓడ ఆగిన రోజైతే ఇక పండగే. టిఫిన్లవగానే సగానికి పైగా జనం దిగిపోతారు. రేవులో ఉన్నంతసేపు కేసినో, సుంకం లేని దుకాణాలు సాధారణంగా మూసే ఉంటాయి. “ఇంత డబ్బు పోసి ఊరు చూడరా?” అని ఇంట్లోవాళ్లు దెప్పుతారు. దెప్పనివ్వండి.

అసలు జాగ్రత్త మాత్రం టికెట్టు కొనేటప్పుడే పడాలి. చౌకగా వస్తోందని కొలను డెక్కు కింది గది తీసుకుంటే, పొద్దున్నే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తుంటారు. థియేటర్ పైనుంటే రాత్రి డ్రమ్ములు మోగుతాయి. ముందు భాగంలో బాగా కిందికి వెళ్తే, ఓడ రేవు చేరే వేళ దాన్ని పక్కకు నెట్టే థ్రస్టర్ల అదురుకు మంచమే కదులుతుంది. పక్క గదిలోకి తలుపున్న గదులూ వద్దు, ఆ సందులోంచి వాళ్ల కబుర్లన్నీ వినపడతాయి. పైనా కిందా కూడా గదులే ఉన్నచోటు, అదీ ఓడ నడిమి భాగంలో, అడగండి. ఊగడం కూడా తక్కువ.

గది బయట కూర్చోవడానికైతే, 2009 నాటి ‘ఒయాసిస్ ఆఫ్ ద సీస్’ నుంచి కొన్ని పెద్ద ఓడల నడిమధ్య నిజం మొక్కలతో ఉద్యానవనాలొచ్చాయి. 2022లో విశాఖకు వచ్చిన ‘ఎంప్రెస్’ 1990లో కట్టిన 11 అంతస్తుల ఓడ. అందులో అలాంటి తోట లేదు. అయితే భోజనాల వేళకు పై డెక్కు పలచబడటం ఏ ఓడలోనైనా ఉన్నదే.

అందుకే రాత్రి భోజనానికి రెండో బంతి ఎంచుకోమంటాను. చలికాలంలో మొదటి బంతి కూర్చునే వేళా, కరీబియన్‌లో పొద్దుగూకే వేళా దాదాపు ఒకటే. ఎనిమిదింటిదాకా ఆకలి ఆగదనేవాళ్లు నాలుగింటికే బఫేలో కాస్త ఎంగిలిపడితే సరి.